అంతకంటే మంచి రాయి

కౌంటరు వెనక కొత్తగా నిలబడుతున్న పిల్లలకి ఒక మాట. "అంతకంటే మంచిదే ఇచ్చాం కదండీ" అన్న ముక్క ఎప్పుడైనా మీ నాలుక చివరికి వస్తే, అక్కడే మింగేసి పైన గ్లాసుడు మంచినీళ్లు తాగండి. నేను ఉద్యోగం మాని ఇంట్లో కూర్చుని కొన్నేళ్లయింది. అయినా ఆ మాట వింటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మొన్న మిక్సీ జారు మూత పోతే, సర్వీసు సెంటర్లో కుర్రాడు ఇంకేదో మూత చేతిలో పెట్టి సరిగ్గా ఆ మాటే అన్నాడు. వాడి మీద అరిచేశాను. నేను అరిచింది వాడి మీద కాదని వాడికేం తెలుసు పాపం.

నేను పుట్టింది తాడేపల్లిగూడెంలో. మా నాన్నది ఉల్లిపాయల వ్యాపారం, పెదనాన్నది కిరాణా, మేనమామది బట్టల కొట్టు. మా ఇళ్లలో పిల్లలకి మాటల కంటే ముందు బేరం వచ్చేది. గుళ్లో ప్రదక్షిణలు కూడా దేవుడితో బేరమాడి తగ్గించుకుంటానని మా ఆవిడ అందరికీ చెబుతుంది. అది అబద్ధం కాదు. ఇంత విద్య ఉండీ సొంత కొట్టు పెట్టే స్తోమత లేక, ఏలూరులో ఒక నగల కొట్లో గుమాస్తాగా చేరాను. ఉద్యోగమంతా అక్కడే గడిచింది. కొన్నవాడు నవ్వుతూ వెళ్లాలి, షావుకారు గారు కూడా నవ్వాలి. ఆ రెండు నవ్వుల మధ్య ఉన్న ఇరుకు సందులో నా బతుకు నడిచింది.

కైకలూరు వైపు చేపల చెరువుల ఆసాములు వచ్చేవారు మా కొట్టుకి. చెరువులో గాలి చాలక చేప తేలితే, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కొట్టుకి వెళ్లాలి గానీ, కొందరు మా దగ్గరికొచ్చి గ్రహాలకి రాళ్లు కట్టించుకునేవారు. వాళ్ల కోసం షావుకారు గారు మిషను కోసిన రాళ్లు పొట్లాలకి పొట్లాలు తెప్పించేవారు. అన్నీ ఒకే కొలత, ఒకే నునుపు, ఒకే మెరుపు. ఆ పొట్లం సంగతి గుర్తుంచుకోండి.

ఇక అసలు సంగతి. పెళ్లిళ్ల రోజులు. కొట్టు కిటకిటలాడుతోంది. ఒక పెద్దాయనా ఆయన భార్యా వచ్చారు. ఆయన పెదవేగి వైపు పామాయిల్ తోటల్లో ట్రాక్టర్లు బాగుచేసిన మెకానిక్కు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చొక్కా చేతిలోంచి అది ఎవరిదో వస్తువు మోస్తున్నట్టు వేలాడుతోంది. ఆవిడ వేలికున్న వెండి ఉంగరం తియ్యడానికి సబ్బు నురగ కావాల్సొచ్చింది.

"వేళ్లు వాచి బిగిసిపోతోందండి. కాస్త వదులు చేయించాలి" అంది ఆవిడ.

ఉంగరం మామూలుదే. రాయి చూసి ఆగాను. చింతగింజంత ఉంటుంది. తాటిబెల్లం రంగు. లోపల పాలమీగడ మడతల్లాంటి తెల్లచారలు. పుస్తకాల్లో అగేటు అంటారు, మా కొట్లో అకీకు అనేవాళ్లం. మిషను కోత కాదని చూడగానే తెలిసింది. ఒకవైపు కాస్త ఎత్తుగా, ఇంకోవైపు కాస్త పల్లంగా ఉంది. పక్కన ఒక నొక్కు కూడా ఉంది.

"ఎక్కడ కొన్నారండీ?" అన్నాను, అలవాటుగా.

"కొనడమేంటండి? కంకర్లో దొరికింది" అన్నాడు ఆయన. "తోట దారికి గోదావరి కంకర తోలించారు. అందులో చూశా. నాలిక పెట్టి తడిపితే రంగు తెలిసిపోయింది. నేనే అరగదీశానండి, ఉన్న కాసిని పనిముట్లు ముందేసుకుని."

"ఆ నొక్కు?"

ఆవిడ నవ్వింది. "చక్రం జారిందండి. తీసేస్తానన్నారు. నేనే వద్దన్నాను. బొటనవేలికి బాగుంటుంది."

ఉంగరం నా చేతిలో ఉన్నా, ఆవిడ బొటనవేలు ఖాళీ వేలి పక్కన ఆ నొక్కున్న చోటే గాలిని రుద్దుతోంది.

ఆయన కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి చెప్పాడు. "శెట్టిగారూ, ఇది పూర్తయిన కొన్నాళ్లకే నాకు చెయ్యి పడిపోయిందండి. ఈ చెయ్యి చేసిన ఆఖరి పని అది. రాయి జాగ్రత్త."

కూలి దగ్గర ఆవిడ నాతో బేరమాడింది. నా కెరీర్‌లో నేను ఓడిపోయిన కొద్ది బేరాల్లో అదొకటి. పొట్లం కట్టి పైన "రాయి జాగ్రత్త" అని పెద్దక్షరాలతో రాసి, వెనక గదిలో పనిచేసే ఆచారికి నా చేత్తో ఇచ్చి, నోటితో కూడా చెప్పాను. మర్నాటి నుంచి తాడేపల్లిగూడెంలో మా కొట్టు వాళ్లు పెట్టిన నగల అమ్మకాల మేళాలో కూర్చోవాల్సొచ్చి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి ఉంగరం తయారుగా ఉంది. రాయి తళతళలాడుతోంది. నొక్కు లేదు. చారలు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి.

"ఇదేంటండీ?" అన్నాను షావుకారు గారితో.

"మెరుగు పెట్టించాం."

"నొక్కేదండీ?"

"మెరుగు పెడితే నొక్కు పోదా?"

"చారలు కూడా మారాయండి."

"మెరుగు పెడితే లోపలి చారలు బయటపడతాయి గుమాస్తా గారూ. ఇన్నాళ్లుగా ఈ వ్యాపారంలో ఉండి అదీ తెలీదా? రేపు వాళ్లొస్తే మీరే ఇచ్చెయ్యండి. మీ నోటికి అదొక లెక్కా?"

వెనక గదిలోకి వెళ్లాను. ఆచారి తలెత్తలేదు. "నన్నడక్కండి బాబూ" అన్నాడు, అడక్కముందే.

నాకు అర్థమైపోయింది. వాళ్ల రాయి పగిలింది, ఇది ఆ పొట్లంలోది. మర్నాడు కౌంటరు దగ్గర షావుకారు గారితో ఒకటే చెప్పాను. "ఈ ఉంగరం మీరే ఇవ్వండి. నా నోరు ఇవాళ అద్దెకి లేదు." ఆయన నన్ను చూసిన చూపుకి, ఇంకో రోజైతే ఆ పూటే నా లెక్క తేల్చేసేవారు. కొట్టు నిండా జనం ఉండబట్టి ఊరుకున్నారు.

ఆ దంపతులు వచ్చారు. షావుకారు గారు స్వయంగా, వెల్వెట్ పెట్టెలో పెట్టి ఇచ్చారు. ఆవిడ ముచ్చటగా తొడుక్కుంది. బొటనవేలు వెంటనే రాయి మీదికి వెళ్లింది. ఒకసారి రుద్దింది. మళ్లీ వెనక్కొచ్చింది. అటు వెతికింది, ఇటు వెతికింది. కరెంటు పోయినప్పుడు సొంతింట్లో, ఎప్పుడూ ఉండే గూట్లో అగ్గిపెట్టె దొరకని చెయ్యి ఎలా తడుముకుంటుందో అలాగ.

"ఏవండీ, ఇది మనది కాదు" అంది భర్తతో.

"మీదేనమ్మా! మెరుగు పెట్టించాం. దానికి విడిగా ఏమీ అడగట్లేదు కూడా" అన్నారు షావుకారు గారు.

పెద్దాయన ఎడంచేత్తో ఉంగరం తీసుకుని, వెలుతురుకి పెట్టి చూసి, కౌంటరు మీద పెట్టేశాడు. "ఇది మిషను కోసింది. నాది నాకివ్వండి."

"సరే, వేరే రాయే అనుకోండి. అంతకంటే మంచి రాయే ఇచ్చాం కదండీ! కంకర్లో ఏరుకున్నదానికి ఇంత గొడవేంటి?"

పక్కన గొలుసు తూకం వేయించుకుంటున్న చెరువుల ఆసామి ఒకాయన కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుకి పెద్దాయన మొహం ఎర్రబడింది. కుడిచెయ్యి ఎత్తబోయాడు. అది లేవలేదు. అది నేను చూశాను. అక్కడితో నా లోపల ఏదో తెగింది.

కానీ అలవాటు చూడండి ఎంత నీచమైందో! కోపం వస్తే కొందరు కొడతారు, కొందరు ఏడుస్తారు. నేను బేరం మొదలుపెట్టాను. "బాబాయి గారూ, పోనీ అమ్మకి ఒక వెండి గొలుసు ఇప్పిస్తాను" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "కాదూ, మంచి పుష్యరాగం చూపిస్తాను." "పోనీ పట్టీలు…" నేను పెంచేకొద్దీ ఆయన కళ్లు చిన్నవవుతున్నాయి. నా వృత్తిలో అది మంచి గుర్తు. ఇంకొక్క మెట్టెక్కితే మనిషి దిగుతాడని అర్థం. ఎక్కాను.

"శెట్టిగారూ" అన్నాడు ఆయన, చాలా నెమ్మదిగా. "అమ్మేవాడితో బేరమాడొచ్చు. కొనేవాడితో ఆడొచ్చు. నాకు మీ దగ్గర కొనేదీ లేదు, అమ్మేదీ లేదు. నాతో మీకు బేరమేంటండి? నా రాయి నాకివ్వండి."

మా నాన్న, పెదనాన్న, మేనమామ, ముగ్గురూ కలిసి నేర్పిన విద్యలో ఈ మాటకి జవాబు లేదు. అప్పుడొచ్చింది అసలు కోపం. వెనక గది వైపు తిరిగి గట్టిగా అరిచాను. "ఆచారి గారూ! ఆ రాయి ముక్కలెక్కడున్నాయి?"

"ముక్కలేంటి? ఉంటే పారేశాం" అన్నారు షావుకారు గారు.

అది అబద్ధమని నాకు తెలుసు. నగల పని జరిగే చోట ఏదీ పారెయ్యరు. పనివాడి పీట కింద రాలిన పొడి, ఊడ్చిన దుమ్ము, ఆఖరికి చేతులు కడుక్కున్న నీళ్ల అడుగున పేరుకున్న మడ్డి కూడా డబ్బాలో దాస్తారు. అందులో బంగారపు రవ్వలుంటాయి. ఆ మట్టిని కొనేవాళ్లు విడిగా వస్తారు. ముక్కలంటూ ఉంటే ఆ డబ్బాలోనే ఉండాలి.

వెనక గదిలోకి వెళ్లి డబ్బా తెచ్చాను. కౌంటరు మీద తెల్లకాగితం పరిచి, అందరి ముందూ దాన్ని బోర్లించాను.

"మట్టి! బంగారం మట్టయ్యా!" అని షావుకారు గారు కేక పెట్టి, కుర్చీలోంచి లేచి పరుగెత్తారు. ఎక్కడికనుకున్నారు? ఫ్యాను స్విచ్చి ఆపడానికి! ఒక మనిషి తన చేతి ఆఖరి పని పోయిందని ఎదురుగా నిలబడి ఉంటే, ఆయన మొదటి పరుగు ఫ్యాను దగ్గరికి. ఆ పరుగు తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, పళ్లు పటపట కొరికే కోపమూ వస్తుంది. ఏది ముందొస్తుందో రోజుని బట్టి ఉంటుంది.

ఆ బూడిదరంగు దుమ్ములో ఆవిడ వేళ్లు పెట్టింది. కళ్లతో వెతకలేదు. రెండు మూడు గులకలు పట్టుకుని వదిలేసి, ఒకదాని దగ్గర ఆగింది. బొటనవేలు దాని మీద ఒకసారి ఆడించి, "ఇదేనండి" అంది. రాయిలో సగం కంటే కాస్త పెద్ద ముక్క అది. ఒకవైపు నిలువునా పగిలి కత్తిలా ఉంది. రెండోవైపు నొక్కు అలాగే ఉంది.

ఆచారి గుమ్మంలో నిలబడి చెప్పాడు. "వెండి ఉంగరం కదా అని రాయి ఊడదియ్యలేదండి. మంట పెట్టి అతికి, అలాగే నీళ్లలో ముంచాను. టప్‌మంది." బంగారం పనిచేసేవాడికి వెండంటే లోకువ. బంగారపు ఉంగరమైతే రాయి తియ్యకుండా మంట దగ్గరికి పోనిచ్చేవాడు కాదు. ఆ లోకువే రాయిని పగలగొట్టింది, మంట కాదు.

"దొరికిందిగా! తీసుకెళ్లమనండి" అన్నారు షావుకారు గారు, ఫ్యాను దగ్గర్నుంచే.

పెద్దాయన ముక్కని ఎడమ అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. "ఒక చేత్తో దీన్నేం చెయ్యనండి?" అన్నాడు, ఎవరితోనో తెలీదు.

"నాకు రెండున్నాయి కదండీ" అన్నాను.

ఆయన నా చేతులు చూశాడు. చిటికెనవేలికి గోరు పెంచుకున్న గుమాస్తా చేతులు. "ఇవి తక్కెడ తప్ప ఏం పట్టాయండి?"

"మీరు చెప్పండి. నేను రుద్దుతాను."

"నేను తిడతాను."

"తిట్టండి. కాఫీ మాత్రం ఇప్పించాలి."

చూశారా, అక్కడ కూడా బేరమే.

కొట్టుకి సెలవున్నప్పుడల్లా పెదవేగి బస్సెక్కేవాణ్ని. వాళ్ల ఇంటి వెనక రేకుల పాకలో ట్రాక్టరు సామాన్ల మధ్య ఆయన బల్ల ఉండేది. దాని మీద పనిముట్లు చూసి నాకు అనుమానం వచ్చింది, ఈయన నిజంగా వీటితోనే చేశాడా అని. బొమ్మలు చెక్కడానికి వాడే చిన్న చేతి మోటారు ఒకటి, దానికి తగిలించే గరుకు చక్రం, తడిపి రుద్దే వాటర్ పేపర్లు, పాత బెల్టు ముక్క, ఒక ప్లాస్టిక్ మగ్గు. అంతే. చక్రానికి అంటించింది వజ్రపు పొడి అని ఆయన చెబితే ఉలిక్కిపడ్డాను. ఇన్నేళ్లు నగల కొట్లో ఉండి, వజ్రంతో నేను నిజంగా చెమటోడ్చింది అక్కడే, అదీ కంకర రాయి కోసం.

ముందు రాయిని పుల్లకి అతికించాలి. లేకపోతే అంత చిన్నదాన్ని వేళ్లతో పట్టుకోలేం. ఆచారి ఇచ్చిన లక్క తీసుకెళ్లాను. లక్క కరిగించి రాయికి పెట్టబోతుంటే, "ఆగండాగండి! మళ్లీ పగలగొడతారా?" అని అరిచాడు. "చలి రాయికి లక్క పట్టదు. గబుక్కున వేడి తగిలితే పగులుద్ది. ముందు ఎండలో పెట్టండి. మీ షావుకార్ని కూడా పెట్టండి పక్కనే." ఎండలో రాయిని పెట్టి, అది వెచ్చబడేదాకా మేమిద్దరం దాన్ని పొయ్యి మీది పాలలాగా కాపలా కాశాం.

పగిలిన వైపుని చక్రం మీద పెట్టి గుండ్రం చెయ్యాలి. ఆవిడ పక్కన కూర్చుని మగ్గుతో చుక్కచుక్కగా నీళ్లు పోసేది. ఎండు దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదుట, రాయికీ మంచిది కాదుట. నేను నొక్కి పట్టి రుద్దుతుంటే ప్రతి రుద్దుకీ షావుకారు గారి మొహమూ, ఆ ఫ్యాను పరుగూ కనబడేవి.

"కోపంగా రుద్దుతున్నారు" అన్నాడు ఆయన.

"ఎలా తెలిసిందండీ?"

"మోటారు ఏడుస్తోంది. కోపంతో నొక్కితే రాయి వేడెక్కుద్దండి. కోప్పడేది ఇంటికెళ్లాక కోప్పడండి, ఇక్కడ రాయికి నీళ్లు తగలనివ్వండి."

కోపం చల్లారలేదు గానీ రాయిని మాత్రం చల్లగా ఉంచడం నేర్చుకున్నాను.

ఆకారం వచ్చాక వాటర్ పేపర్ల పని. గరుకుదానితో మొదలుపెట్టి, వరసగా నున్నటివాటికి వెళ్లాలి. మధ్యలో ఒక పేపరు అయిపోయింది. ఏలూరు హార్డ్‌వేర్ కొట్లో దాన్ని కట్టగా తప్ప విడిగా అమ్మనన్నాడు. నేను ఒక్కటే ఇమ్మన్నాను. వాడు ఇవ్వనన్నాడు. నేను మెట్టు దిగలేదు, వాడూ దిగలేదు. పంతం మీద కొనకుండా వచ్చేసి, మధ్యలో ఒక్క పేపరే కదా అని దాటేసి నున్నటిదాంతో రుద్దుకుంటూ పోయాను. ఆ పూటంతా రుద్దాను. చివరికి మెరుగు పెట్టబోతే రాయి మీద సన్నటి గీతలు, దున్నిన పొలంలా బయటపడ్డాయి.

ఆయన చూపుడువేలు పెట్టి ఆ గీతల మీద ఆడించాడు. "ఏ పేపరు ఎగ్గొట్టారు?"

చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను.

ఆయన తిట్టిన తిట్లు అచ్చు వేయడానికి పనికిరావు. ట్రాక్టరు ఇంజన్లకి తిట్టినవి, డ్రైవర్లకి తిట్టినవి, నా కోసం కొత్తగా పుట్టినవి కూడా అందులో ఉన్నాయి. ఆవిడ లోపల్నుంచి, "ఏవండీ, శెట్టిగారు పెద్దవారు, పరాయి మనిషి" అంది. "పరాయి మనిషైతే డబ్బులు పెట్టి పేపరు కొనేవాడే!" అన్నాడు ఆయన. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆ తిట్టులోనే నన్ను ఇంటి మనిషిని చేశాడని బస్సులో కూర్చున్నాక అర్థమైంది. మర్నాడు పొద్దున్నే ఆ కొట్టువాడు చెప్పిన ధరకి కట్ట మొత్తం కొన్నాను. వాడు నన్ను అనుమానంగా చూశాడు. మా నాన్న చూసి ఉంటే నా మీద కేసు పెట్టేవాడు.

మళ్లీ వెనక్కి వెళ్లి గరుకు పేపరు నుంచి రుద్దుకొచ్చాను. ఒకసారి చేతి వాటంగా నొక్కు వైపు కూడా రుద్దబోతే ఆవిడ నా చేతి మీద ఒక్కటిచ్చింది. "అటు రాకండి. అది వారిది" అంది. ఆ వైపు గుడ్డతో తుడవడం తప్ప ఏమీ చెయ్యలేదు నేను.

చివరికి మెరుగు. అద్దాల కొట్లో అద్దాలకి పట్టించే తెల్లపొడి తెచ్చి, నీళ్లలో కలిపి, బెల్టు తోలు మీద రాసి రుద్దుతూ కూర్చున్నాం. చాలాసేపు ఏమీ జరగలేదు. తడి రాయి తడి రాయిలాగే ఉంది. తుడిచి చూసిన ఒకసారి మాత్రం, ఆరాక కూడా అది తడిగానే ఉన్నట్టు కనిపించింది. పాక రేకులో ఉన్న చిల్లు తెల్లటి చుక్కై ఆ తాటిబెల్లం రంగులో నిలబడింది. నేను లేచి గంతేశాను. నా వయసుకి అది గంతే.

ఆయన ఎడంచేత్తో తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "మీరు చేసిన వైపు నాదానికంటే నున్నగా వచ్చిందండి" అన్నాడు.

నేను పొంగిపోయాను.

"అదే బాలేదు. సగం రాయి పెళ్లికొడుకులా ఉంది, సగం పాలేరులా ఉంది. ఇందాకటి పేపరు తీసుకుని కాస్త తగ్గించండి."

తగ్గించాను. జీవితంలో నాకు ఒక పని అంత బాగా కుదరడం అదే మొదలు. దాన్ని నా చేత్తో నేనే తగ్గించాను. అంతకంటే మంచిది ఎవరడిగారు?

రాయి ఇప్పుడు శనగగింజంతే ఉంది. ఆచారి తన ఇంట్లో, ఆవిడ పాత ఉంగరంలోంచి మిషను రాయి ఊడదీసి, ఈ ముక్కకి సరిపడా కొత్త గూడు చేసి, వెండి పనంతా చల్లారాక, ఆఖర్న రాయి కూర్చోబెట్టాడు. కూలి తీసుకోలేదు. ఉంగరం ఇవ్వడానికి తనే నాతో పాటు పెదవేగి వచ్చాడు. పెద్దాయన అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. తిట్లన్నీ నా మీదే ఖర్చు చేసేశాడనుకుంటాను. ఆవిడ తొడుక్కుంది. బొటనవేలు వెళ్లి, వెతక్కుండానే ఆగింది. అలా ఆగడం చూసి ఆచారి పాక బయటికి వెళ్లి నిలబడ్డాడు.

కథ ఇక్కడ ఆగితే నా కోపం కూడా ఆగేది. షావుకారు గారు ఆగనివ్వలేదు. విషయం ఆయన చెవిన పడింది. తిడతారనుకున్నాను. తిట్టలేదు. అంతకంటే తెలివైన పని చేశారు. కౌంటరు దగ్గర ప్రతివాడికీ చెప్పడం మొదలుపెట్టారు. "ఒక పేద మెకానిక్కు రాయి పగిలిపోతే, మా మనిషిని ఇంటికి పంపించి మరీ బాగు చేయించామండి. డబ్బు ముట్టుకోలేదు. మన సర్వీసు అలాంటిది." ఆ రాయి ఎలా పగిలిందో ఆ కథలో ఉండేది కాదు. ఫ్యాను అసలే ఉండేది కాదు. నేను పక్కనే నిలబడి తూకం వేస్తూ ఉండేవాణ్ని. ఎదురు చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే కడుపు మండుతుంది. మంట ఎక్కువైన రోజు ఒక్కటే చేసేవాణ్ని. కథ మధ్యలో లేచి, మాట్లాడకుండా ఫ్యాను స్విచ్చి ఆపి వచ్చి కూర్చునేవాణ్ని. ఆయనకి అర్థమయ్యేది. కథ అక్కడితో పొట్టిదయ్యేది.

నేను ఉద్యోగం మానేసిన రోజు కొట్లో చిన్న సభలాంటిది చేశారు. శాలువా కప్పారు. ఆ కథ మళ్లీ చెప్పారు. చప్పట్లు కొట్టించారు. తర్వాత వెల్వెట్ పెట్టె ఒకటి నా చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి తెరిచాను. వెండి ఉంగరం. తాటిబెల్లం రంగు రాయి. స్కేలు పెట్టి గీసినట్టు చారలు. ఆ రోజు ఆవిడ తొడుక్కుని తిప్పికొట్టిన రాయే. అమ్ముడుపోక పడి ఉంటే, ఇంకో ఉంగరానికి పొదిగించి నాకు అంటగట్టారు.

ఇచ్చిందాన్ని వద్దనడం మా వంశంలో లేదు. అందుకని బీరువాలో పెట్టాను. కానీ బీరువా తీసినప్పుడల్లా నా రక్తపోటు పెరిగేది. చివరికి ఒకరోజు దాన్ని జేబులో వేసుకుని ఆ కొట్టుకే వెళ్లాను. కౌంటరు మీద షావుకారు గారి అబ్బాయి ఉన్నాడు. పైచదువులకని బయట ఉండి, ఈమధ్యే వచ్చి వ్యాపారం చూసుకుంటున్నాడు. తండ్రి వెనక కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు.

"బాబూ, ఈ ఉంగరం అమ్మాలి. రాయికి ఎంతొస్తుందో చూడు" అన్నాను.

వాడు ఒక్క చూపు చూసి నవ్వాడు. "రాయికేమీ రాదండి బాబాయి గారూ. వెండి తూకమే. ఇలాంటి రాళ్లు గుప్పెళ్లకి గుప్పెళ్లు వస్తాయి."

"ఏంటి నాయనా? చెవులు సరిగా వినపడ్డం లేదు. కాస్త గట్టిగా చెప్పు."

"గుప్పెళ్లకి గుప్పెళ్లు వస్తాయండీ! వీటికి విలువేం ఉండదు!"

వెనక పేపరు కదలడం ఆగిపోయింది.

"అయితే రాయి ఊడదీసి వెండి తూచు" అన్నాను. ఊడదీశాడు. రాయి తీసుకెళ్లి షావుకారు గారి బల్ల మీద, ఆయన కళ్లజోడు పక్కన పెట్టాను.

"ఇది మీ దగ్గరే ఉంచండి. మళ్లీ ఎవరిదైనా పగలగొడితే పనికొస్తుంది."

ఆయన పేపరు దించలేదు. నేను కౌంటరు దగ్గరికి తిరిగొచ్చి వెండి తూకం చూశాను. ఫ్యాను గాలికి తక్కెడ ముల్లు ఊగుతోంది. ఫ్యాను ఆపమన్నాను. ఆపాక మళ్లీ తూయించాను. ఒక్క పిసరు కూడా వదల్లేదు.